ఇంట్లో కోల్డ్ బ్రూ కాఫీ: మన ఎండలకు, మన వంటగదికి ఏ పద్ధతి తగినది?

కోల్డ్ బ్రూ అంటే కాఫీ పొడిని వేడి చేయకుండా చన్నీటిలో గంటల తరబడి నానబెట్టి వడగట్టుకునే కాఫీ. దాని తయారీ చెప్పే చోటల్లా ‘గది ఉష్ణోగ్రత వద్ద 12 నుంచి 18 గంటలు నానబెట్టండి’ అన్న సూచన కనిపిస్తుంది. ఆ సూచన రాసినవారి మనసులో ఉన్నది 20, 22 డిగ్రీల గది. రోహిణి కార్తెలో కావలిలోనో కనిగిరిలోనో మన వంటగదిలో థర్మామీటరు పెడితే 35 డిగ్రీలు దాటి చూపిస్తుంది, రాత్రి కరెంటు పోతే ఉక్క మరింత పెరుగుతుంది. అంత వేడిలో రాత్రంతా నానిన పొడి తన చేదునంతా నీళ్ళలోకి దింపేస్తుంది, పైగా ఆ నీళ్ళు పులిసిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. నేను మొదటిసారి చేసినప్పుడు జరిగింది ఇదే. రాత్రి గట్టు మీద పెట్టిన సీసా మూత పొద్దున్నే తీస్తే పులిసిన వాసన వచ్చింది, 100 గ్రాముల మంచి పొడి పారబోయవలసి వచ్చింది. అందువల్ల ఏ పాత్ర కొనాలి, ఏ పొడి తేవాలి అన్న ప్రశ్నల కంటే ముందు నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండను లెక్కలోకి తీసుకునే ఈ పోలిక మొదలుపెడుతున్నాను.

ఎంచుకునే ముందు చూడవలసినవి

వేడి నీరు నిమిషాల్లో చేసే పనిని చన్నీరు గంటల తరబడి చేస్తుంది, అయితే ఆ పనిని పూర్తిగా అదే తీరులో చేయదు. వేడి నీటిలోకి వెంటనే దిగిపోయే కొన్ని ఆమ్లాలు, కొంత చేదు, వాసననిచ్చే తేలికపాటి పదార్థాలు చన్నీటిలోకి తక్కువగా దిగుతాయి. అందుకే కోల్డ్ బ్రూ నాలుకకు మెత్తగా, కొద్దిపాటి తీపి ఉన్నట్టుగా తోస్తుంది. అదే కారణం చేత, ఫిల్టరు మూత తీయగానే ఇల్లంతా పరచుకునే కాఫీ వాసన ఇందులో ఉండదు. మీరు కాఫీని ప్రధానంగా ఆ వాసన కోసమే తాగేవారైతే, కింద చెప్పబోయే చివరి పద్ధతిని ముందుగా చదవమని కోరుతున్నాను.

నా అనుభవంలో ఎంపికను నిర్ణయించేవి ఐదు విషయాలు. మొదటిది ఫ్రిజ్జులో స్థలం: వేసవిలో నానబెట్టడమంతా ఫ్రిజ్జులోనే జరగాలి కాబట్టి, పెరుగు గిన్నె, దోసెల పిండి, మంచినీళ్ళ సీసాలు పోగా ఎంత చోటు మిగులుతుందో కొలుచుకోవాలి. రెండవది తేట, అంటే గ్లాసు అడుగున మడ్డి ఎంత మిగులుతుంది అన్నది. మూడవది మీరు తాగే తీరు, పాలతోనా నల్లగానా అన్నది. నాలుగవది కడిగే శ్రమ, ఇది మొదటి వారం కనిపించదు గాని రెండవ నెలలో అన్నింటికంటే పెద్దదవుతుంది.

ఐదవది పొడి ఖర్చు, దీన్ని చాలామంది ముందుగా లెక్క వేసుకోరు. 100 గ్రాముల పొడిని 800 మిల్లీలీటర్ల నీటిలో నానబెడితే, పిప్పి తన బరువుకు రెట్టింపు నీటిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి, చేతికి వచ్చేది దాదాపు 600 మిల్లీలీటర్ల చిక్కని కాఫీ. దానికి సమానంగా నీళ్ళో పాలో కలిపితే 200 మిల్లీలీటర్ల గ్లాసులు ఆరు అవుతాయి. గ్లాసుకు 16, 17 గ్రాముల పొడి పడిందన్నమాట. మామూలు ఫిల్టరు కాఫీకి 8 నుంచి 10 గ్రాములతో సరిపెట్టుకునే ఇంట్లో ఇది దాదాపు రెట్టింపు వాడకం. పావుకిలో పొట్లం పదిహేను గ్లాసులకు మించి రాదు.

నీళ్ళ సంగతి

ఫిల్టరు కాఫీలో నీళ్ళు ఎలాగూ మరుగుతాయి, కోల్డ్ బ్రూలో మరగవు. కాబట్టి మీరు నేరుగా తాగడానికి నమ్మే నీళ్ళనే ఇందులో వాడాలి. నెల్లూరులో కుళాయి నీళ్ళు వాడేవారు ముందుగా మరగించి, పూర్తిగా చల్లార్చుకుని వాడుకోవచ్చు. పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో సంగతి వేరు. కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు సమస్య ఏళ్ళ తరబడి ఉన్నదే, మరగబెడితే ఫ్లోరైడు పోదు. అక్కడివారు శుద్ధి చేసిన నీళ్ళే వాడాలి.

రుచి విషయానికి వస్తే, ఉప్పుదనం, కాఠిన్యం ఎక్కువున్న నీళ్ళు కాఫీ రుచిని చప్పగా, మొద్దుగా మారుస్తాయి. లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలున్న నీరు కాఫీకి అనుకూలమని ఈ రంగంలోనివారి సాధారణ అభిప్రాయం. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఇది 500 లోపు ఉండడం మేలు. శుద్ధియంత్రం నీళ్ళలోని లవణాలను మరీ పిండేస్తే కాఫీ పలుచగా, కొంచెం పదునుగా ఉంటుంది. ఇంట్లో యంత్రం ఉన్నవారు దాన్ని బాగుచేసే మనిషి వచ్చినప్పుడు ఆ స్థాయిని కాస్త పెంచి పెట్టించుకోవచ్చు. క్యాన్ల నీళ్ళు కొనేవారికి ఆ వెసులుబాటు లేదు, అయినా ఉప్పునీళ్ళ కంటే ఆ నీళ్ళే నయం.

పొడి: పాత్ర కంటే ముందు దీన్ని తేల్చుకోవాలి

పాత్ర ఎంత మంచిదైనా పొడి తప్పయితే ఫలితం ఉండదు. ఈ ఒక్క విభాగాన్ని శ్రద్ధగా చదివి మిగతాది వదిలేసినా మీ కాఫీ బాగానే వస్తుంది.

మొదట చికోరీ. చెన్నైకి దగ్గరగా ఉండడం వల్లనో, పాతకాలపు హోటళ్ళ అలవాటు వల్లనో, మన ఇళ్ళలో చికోరీ కలిసిన పొడికే నాలుకలు అలవాటు పడ్డాయి. చికోరీ వేయించిన వేరు, కాఫీ గింజ కాదు. అందులో కెఫీన్ ఉండదు, రంగు, చిక్కదనం మాత్రం బాగా ఇస్తుంది. నియమాల ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంతుందో పొట్లం మీద ముద్రించాలి. కాబట్టి కొనేముందు ఆ అంకెలు చూడడం మన చేతిలో పనే. చికోరీ చన్నీటిలోకి త్వరగా దిగిపోతుంది. గంటల తరబడి నానేసరికి కాఫీని మించిపోయి, కాలిన బెల్లం లాంటి రుచి, జిగురు, మడ్డి మిగులుతాయి. నల్లగా తాగేవారు చికోరీ లేని పొడినే తీసుకోవాలని నా గట్టి సలహా. పాలతో తాగేవారికి 10, 15 శాతం చికోరీ పెద్దగా ఇబ్బంది పెట్టదు, 40 శాతం మిశ్రమాన్ని మాత్రం ఫిల్టరు కాఫీకే ఉంచుకోండి.

తరువాత గింజ రకం. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో అంతకు దాదాపు రెట్టింపు. అరబికా మెత్తని రుచి కోల్డ్ బ్రూకు బాగా కుదురుతుంది. మన రాష్ట్రంలోనే పండే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గింజను మధ్యస్థంగా వేయించినప్పుడు చన్నీటిలో వచ్చే తేలికపాటి పండు పులుపు, బెల్లపు తీపి నాకు ఎంతో ఇష్టం. చిక్కమగళూరు, కూర్గు అరబికాలు కూడా ఈ పనికి నిక్షేపంగా పనికొస్తాయి. పాలు ఎక్కువ పోసుకునేవారు మాత్రం నాలుగోవంతు రోబస్టా కలిపించుకుంటే, పాలలో కాఫీ రుచి మునిగిపోకుండా నిలబడుతుంది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది పొడి బరక. దుకాణంలో దొరికే ఫిల్టరు కాఫీ పొడి కోల్డ్ బ్రూకు మరీ మెత్తన. గుడ్డ రంధ్రాలను పూడ్చేస్తుంది, సగం మడ్డిగా కిందికి దిగుతుంది, చేదు కూడా ఎక్కువవుతుంది. గింజలు వేయించి అప్పటికప్పుడు మర పట్టి ఇచ్చే దుకాణం మీ ఊళ్ళో ఉంటే, ‘ఇడ్లీ రవ్వంత బరకగా పట్టండి’ అని అడగండి. ఆ పోలిక చెబితే మర దగ్గరున్నవారికి వెంటనే అర్థమవుతుంది, మిల్లీమీటర్ల లెక్క చెప్పనవసరం లేదు. అలాంటి దుకాణం లేని ఊళ్ళవారు గింజలు తెప్పించుకుని మిక్సీలో వేసుకోవచ్చు. అయితే మీటను ఆపకుండా తిప్పితే పొడి వేడెక్కుతుంది కాబట్టి రెండేసి సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పాలి. ఆ తరువాత రవ్వ జల్లెడలో జల్లించి, కిందికి రాలిన మెత్తని పొడిని మర్నాటి ఫిల్టరు కాఫీకి వాడుకుంటే వృథా ఉండదు.

నాలుగు పద్ధతులు, ఒక ప్రత్యామ్నాయం

*గాజు సీసా, నూలు గుడ్డ.* వెడల్పు మూతి ఉన్న లీటరు గాజు సీసాలో 100 గ్రాముల బరక పొడి వేసి, 800 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, పొడి అంతా తడిసేలా ఒక్కసారి గరిటెతో కలిపి, మూత పెట్టి ఫ్రిజ్జులో 16 నుంచి 20 గంటలు ఉంచాలి. తరువాత ముందు టీ వడపోతతో, ఆపైన నాలుగు మడతలు వేసిన పలుచని నూలు గుడ్డతో వడగట్టాలి. కొత్త గుడ్డయితే గంజి పూర్తిగా పోయేదాకా ఉడికించి ఉతకాలి. సబ్బు వాసన ఉన్న గుడ్డ కాఫీని పాడు చేస్తుంది. ఊరగాయ పెట్టిన జాడీని ఎంత కడిగినా ఆవపిండి, నూనెల వాసన వదలదు కాబట్టి ఈ పనికి తీయవద్దు. వడగట్టేటప్పుడు గుడ్డను పిండాలన్న ఆత్రం కలుగుతుంది, పిండితే మడ్డి అంతా కిందికి వస్తుంది. పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేస్తే తేటగా దిగుతుంది. ఖర్చు లేకపోవడం, ఎంత చిక్కగా కావాలంటే అంత చిక్కగా చేసుకోగలగడం దీని బలాలు. గుడ్డ ఉతికి ఎండబెట్టే పని ప్రతిసారీ తప్పదు, ఇది దీని లోపం.

*ఫ్రెంచ్ ప్రెస్.* గాజు గొట్టం, దానిలోకి దిగే లోహపు జల్లెడ, అంతే ఈ పాత్ర. నానబెట్టడం, వడగట్టడం ఒకే పాత్రలో అయిపోతాయి. అయితే జల్లెడ సందులు గుడ్డ కంటే పెద్దవి కాబట్టి గ్లాసు అడుగున సన్నని మడ్డి మిగులుతుంది. జల్లెడను బలంగా నొక్కకుండా పొడి మీద ఆనేదాకా మాత్రమే దించి, నెమ్మదిగా వంచుకుంటే ఆ మడ్డి సగానికి తగ్గుతుంది. ఒంటరిగా ఉండేవారికి, శీతాకాలంలో వేడి కాఫీకి కూడా ఇదే పాత్ర వాడుకోవాలనుకునేవారికి ఇది మంచి కొనుగోలు. గాజు పలుచన, ఇరుకు సింకులో కడిగే ఇంట్లో జాగ్రత్త అవసరం.

*కోల్డ్ బ్రూ కోసమే చేసిన జల్లెడ కూజా.* పొడవాటి కూజా, మధ్యలో పొడి వేసే సన్నని జల్లెడ గొట్టం. జపాన్‌కు చెందిన హారియో సంస్థ చేసే లీటరు కూజాకు 80 గ్రాముల పొడి, ఫ్రిజ్జులో 8 గంటలు అన్నది వారి సూచన. ఫ్రిజ్జు తలుపు అరలో ఇమిడిపోతుంది, గొట్టం పైకి తీస్తే పని అయిపోయినట్టే. నల్లగా తాగేవారికి దీనికంటే సుఖమైనది లేదు. గొట్టంలో పట్టే పొడికి హద్దు ఉండడం వల్ల పాలు కలుపుకోవడానికి తగిన చిక్కదనం రాదు, ఈ సంగతి కొనేముందు తెలియాలి. నేను కొన్న మొదటి నెల ఇది తెలియక గేదె పాలు కలిపి, నీళ్ళ కాఫీ అని ఇంట్లోవాళ్ళ చేత అనిపించుకున్నాను.

*తయారుగా వచ్చే సంచులు.* పొడి నింపిన పలుచని సంచిని నీళ్ళలో వేసి రాత్రి ఫ్రిజ్జులో పెట్టడమే. కొలత, వడపోత, కడగడం ఏవీ లేవు. గ్లాసుకు పడే ఖర్చు మాత్రం అన్నింటికంటే ఎక్కువ, పొడి ఎంపిక కూడా మన చేతిలో ఉండదు. హాస్టలు గదిలో ఉండే పిల్లలకు, ఈ రుచి నచ్చుతుందో లేదో ఒకసారి చూడాలనుకునేవారికి సరిపోతుంది.

*స్టీలు ఫిల్టరు, చల్లని డికాషన్.* ‘ఇంట్లో ఫిల్టరు ఉండగా వేరే పాత్ర ఎందుకు, అందులోనే చన్నీళ్ళు పోస్తే సరిపోదా’ అని చాలామంది అడుగుతారు. నేను చేసి చూశాను. బరక పొడి వేస్తే చన్నీళ్ళు నిమిషాల్లో కిందికి జారిపోయి లేత గోధుమరంగు నీళ్ళు మిగులుతాయి, మెత్తని పొడి వేస్తే నీళ్ళు పైగిన్నెలోనే నిలిచిపోతాయి. మన ఫిల్టరు వేడినీళ్ళకు పొడి ఉబ్బి, మెల్లగా బొట్టుబొట్టుగా దిగడం కోసం తయారైన పాత్ర, దాన్ని ఆ పనికే వాడాలి. అందులో ఎప్పటిలాగే వేడి డికాషన్ తీసి, నిండా ఐసుముక్కలున్న గ్లాసులో పోసి, చల్లని పాలు కలిపితే వచ్చేది కోల్డ్ బ్రూ కాదు గాని, చికోరీ రుచి, కాఫీ వాసన రెండూ నిలిచిన చక్కని చల్లకాఫీ. అరగంటలో అయిపోతుంది, కొత్తగా కొనేది ఏదీ లేదు. పొద్దున్నే మిగిలిన డికాషన్‌ను ఎండకాలంలో గట్టు మీద వదిలేయకుండా మూతపెట్టి ఫ్రిజ్జులో ఉంచుకుంటే సాయంత్రానికి ఇదే సిద్ధంగా ఉంటుంది.

| పద్ధతి | కొత్తగా కొనవలసినది | తేట | చిక్కదనం | కడిగే శ్రమ | పట్టే సమయం |
|---|---|---|---|---|---|
| గాజు సీసా, గుడ్డ | ఏమీ లేదు | చాలా బాగుంటుంది | కావలసినంత | ఎక్కువ | 16–20 గంటలు |
| ఫ్రెంచ్ ప్రెస్ | పాత్ర | కొంత మడ్డి | కావలసినంత | మధ్యస్థం | 16–20 గంటలు |
| జల్లెడ కూజా | పాత్ర | బాగుంటుంది | పలుచన | తక్కువ | 8–12 గంటలు |
| సంచులు | ప్రతిసారీ సంచి | బాగుంటుంది | సంచిని బట్టి | లేదు | రాత్రంతా |
| ఫిల్టరు డికాషన్, ఐసు | ఏమీ లేదు | మామూలు | బాగా చిక్కన | తక్కువ | అరగంట |

ఎండ, కరెంటు, నిల్వ

ఆహారం చెడగొట్టే సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల మధ్య పెరుగుతాయి, మన వేసవి వంటగది వాటికి ఎంతో అనువైన చోటు. కాఫీలో కొంత ఆమ్లం ఉన్నా అది నిల్వకు చాలినంత కాదు. కాబట్టి మార్చి నుంచి అక్టోబరు దాకా ఫ్రిజ్జులోనే నానబెట్టండి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి ఉన్నప్పుడు గట్టు మీద 10, 12 గంటలు నానబెట్టవచ్చు, అప్పుడు రుచి కొంచెం నిండుగా కూడా వస్తుంది. కరెంటు పోయినా తలుపు తెరవకపోతే ఫ్రిజ్జు నాలుగు గంటల వరకు చల్లదనాన్ని నిలుపుకుంటుంది, అంతకు మించి పోయిందంటే ఆ సీసాను నమ్మవద్దు.

వడగట్టిన చిక్కని కాఫీ ఫ్రిజ్జులో వారం దాకా రుచి తప్పదు. నీళ్ళు కలిపితే రెండు మూడు రోజులు, పాలు కలిపితే ఆ రోజుకే. పిప్పిని కాఫీలోనే ఉంచి నిల్వ చేస్తే చేదు పెరుగుతూ పోతుంది కాబట్టి 24 గంటలు దాటనివ్వకుండా వడగట్టాలి.

ఎవరికి ఏది

పాలు లేకుండా, తీపి లేకుండా తాగే ఒకరిద్దరు ఉన్న ఇంటికి జల్లెడ కూజా, చికోరీ లేని అరకు పొడి. ఇందులో నాకు సందేహం లేదు.

నలుగురైదుగురు ఉండి అందరూ పాలతోనే తాగే ఇంటికి గాజు సీసా పద్ధతి, అదీ ఇంకొంచెం చిక్కగా, 100 గ్రాములకు 600 మిల్లీలీటర్ల నీళ్ళతో. మన వైపు గేదె పాలు చిక్కన. కాచి, చల్లార్చి, మీగడ తీసి, ఒకసారి వడగట్టి కలిపితే వెన్న ముక్కలు గ్లాసు మీద తేలవు. చక్కెర చల్లని కాఫీలో త్వరగా కరగదు కాబట్టి సమానంగా నీళ్ళు, చక్కెర మరగించిన లేత పాకం ఒక చిన్న సీసాలో చేసి పెట్టుకోవాలి. నెల్లూరులో వేసవికి నన్నారి షర్బత్ ఇంటింటా ఉంటుంది. నల్లని కోల్డ్ బ్రూలో అర చెంచా నన్నారి పాకం వేస్తే దాని వేరు వాసన కాఫీతో ఎంత బాగా కలుస్తుందో ఒకసారి చూడండి. పాలు కలిపిన దానిలో మాత్రం నాకు నచ్చలేదు.

చికోరీ ఘాటు లేని కాఫీ కాఫీయే కాదనే పెద్దలున్న ఇంట్లో వారిని కోల్డ్ బ్రూకు మార్చే ప్రయత్నం చేయకుండా, వారికి ఐసు మీద డికాషన్ ఇవ్వడమే సరైనది.

కడుపులో మంటకు భయపడి దీనికి మారాలనుకునేవారికి ఒక మాట. కోల్డ్ బ్రూ పులుపు నాలుకకు తక్కువగా తోస్తుంది గాని, వేడి కాఫీకీ దీనికీ ఆమ్లత్వపు కొలత (పీహెచ్) దాదాపు ఒకటే, సుమారు 5. పైగా గ్లాసుకు పొడి ఎక్కువ పడుతుంది కాబట్టి కెఫీన్ కూడా ఎక్కువే, పైన చెప్పిన కొలతతో అరబికాకు గ్లాసుకు 100 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాములు, గర్భిణులకు 200 మిల్లీగ్రాములు హద్దుగా చెబుతారు. అందువల్ల గర్భిణులు, రక్తపోటు ఉన్నవారు వైద్యుల్ని అడిగి నిర్ణయించుకోవాలి. నిద్ర పట్టనివారు మధ్యాహ్నం మూడు తరువాత దీని జోలికి వెళ్ళకపోవడం మంచిది.

ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేకపోతే, ఏ పాత్రా కొనకుండా ఒక నెల సీసాతోనే చేయండి. సాయంత్రం నాలుగింటికి నానబెట్టి ఫ్రిజ్జులో పెడితే మర్నాడు పొద్దున పదింటికి 18 గంటలవుతాయి, వంట పని ముగిసిన ఆ వేళ వడగట్టడానికి తీరిక ఉంటుంది, మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి సీసా చల్లగా సిద్ధంగా ఉంటుంది. ఆ నెలలో గుడ్డ ఉతకడం విసుగనిపించి, ఇంట్లో అందరూ నల్లగానే తాగడం మొదలుపెట్టి ఉంటే జల్లెడ కూజాకు డబ్బు పెట్టండి. పాలు కలుపుకోవడం మానకపోతే సీసానే కొనసాగించి, ఆ డబ్బుతో మంచి గింజలు కొనండి.